సుద్దగీత

నా మొదటి పరీక్షకాగితం చాలా అందంగా ఉండేది.
ఇరవై ప్రశ్నలు, అంచు చుట్టూ నీటిబొట్ల బొమ్మలు,
ఖాళీలను పూరింపుము, జతపరచుము,
అట్టకి క్లిప్పు బిగిసినప్పటి నా పాత భయాన్నంతా
ఇంగ్లీషులోకి దించి ముప్పై కాపీలు తీశాను.

కీలన్ తన పేరు రాశాడు.
కింద ఒక కుక్కను గీశాడు.
మూడో ప్రశ్న దాకా వచ్చింది దాని తోక.

"ఏం తెలిసింది నీకు?" అంది మిసెస్ ఓల్డ్‌రాయిడ్,
టీ కప్పు రేడియేటర్ మీద పెట్టి.
"ఆవిరి గురించి వాడికేమీ తెలియదని."
"ఆ మాట చదవలేడని," అందావిడ.
"అది నాకు సెప్టెంబరు నుంచే తెలుసు."

ఆ రాత్రి పరుపుల షాపు మీది అద్దెగదిలో
మూల్యాంకనం అనే మాటను విడదీసి చూశాను.
మూల్యం. అంకనం.
వెల కట్టి చీటీ అంటించడం.
కింద షాపులో పరుపులన్నిటికీ ఉన్నాయి చీటీలు,
ఎవరూ పడుకుని చూడకముందే.

తర్వాతి వారం పాచికలాట తయారుచేశాను.
అట్టముక్కలు, జిగురు, టైము రెండయింది.
ఎండ గడిలో పడితే నిచ్చెన,
మబ్బు గడిలో పడితే వానై జారాలి,
వైకుంఠపాళికి గొడుగు పట్టాననుకోండి.
పిల్లలు విరగబడి ఆడారు.
టిల్లీ మోసం చేసి గెలిచింది.
ఆ గెలుపు తప్ప ఎవరికీ ఏమీ గుర్తులేదు,
నాక్కూడా.

మంగళవారం పొద్దున ఆటస్థలం నిండా నీటిగుంటలు.
బ్యాట్లీలో వానకేం కొదవ,
ఇన్నాళ్లూ అది నా పాఠానికి అడ్డమనుకున్నాను.
జట్టుకో గుంట, జట్టుకో సుద్దముక్క.
"నీళ్లిప్పుడు ఎక్కడున్నాయో అంచు వెంట గీయండి.
మూడింటికి ఎలా ఉంటాయో పలక మీద గీయండి.
ఎందుకో నాకు చెప్పండి. రాయక్కర్లేదు."

అందరి పలకల మీదా గీతలో గీత,
పెద్ద దోసెలో చిన్న దోసె.
జునైద్ సూర్యుడున్నాడనుకున్న వైపు చూపించాడు.
టిల్లీ గాలికి చెంప పెట్టింది.
కీలన్ మోకాళ్ల మీద కూర్చుని
జంపర్ చెయ్యి మడవకుండానే వేలు ముంచాడు.
ఇక్కడ. అక్కడ. మధ్యలో.
పలక మీద ఒకటి కాదు, రెండు గుంటలు గీశాడు.

"మధ్యలో దీనికి వీపుంది మిస్.
ముందు అది బయటికొస్తుంది, నీళ్లు రెండవుతాయి.
ఇటుపక్కది ఆఖర్న పోతుంది, వేలు సగం మునిగింది."
"ఎక్కడికి పోతుంది?"
"పైకి. నాన్న వ్యాను అద్దం మీద ఊపిరి పోయినట్టు."

రెండున్నరకి మళ్లీ వాన.
గీతలన్నీ కలిసి తెల్లగా కాలువలోకి పోయాయి.
ఎవరు ఒప్పో ఎవరు తప్పో తేల్చడానికి
తడిసిన బూట్లు తప్ప నా దగ్గరేం మిగల్లేదు.

సాయంత్రం ఫారంలో మూడు గళ్లు.
ఇంకా చేరలేదు. చేరాడు.
ఈ దేశంలో అన్నిటికన్నా పైమెట్టు పేరు మరింత లోతు.
నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
లోతు కొలిచినవాడి పేరు ఎదుట
పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
వాడికి స్పెల్లింగు రాదు, రుజువేమో వాన పట్టుకుపోయింది.
"ఏం చేశాడో రాయి. గడి సంగతి తర్వాత,"
అంది మిసెస్ ఓల్డ్‌రాయిడ్ కోటు తొడుక్కుంటూ.
ఆవిడ చంకలో ఇంకో ఫారం ఉంది, నా పేరున్నది.
దాంట్లోనూ గళ్లుంటాయి.
రాశాను: వేలు ముంచి చూశాడు, మూడు చోట్ల.

బుధవారం గంట కొట్టకముందే వెళ్లాను.
రాత్రంతా గాలి పనిచేసినట్టుంది.
గోడవారగా ఆ చోట రెండు గుంటలు,
మధ్యలో ఇంకా తడారని తారు వీపు.
కీలన్ రాలేదింకా.
జేబులో వెతికాను,
గోరంత సుద్ద ఉంది.